పాడుచేసిన గుడ్డ

"మీ చేతిలో పాడైన కేసు ఒకటి చెప్పండి బాబూ," అంది ముసలావిడ.

పెద్దాసుపత్రి సర్జన్ రిపోర్టులోంచి తలెత్తి, ఆవిడ్ని కాకుండా పక్కనున్న కొడుకుని చూశాడు. తన దగ్గర అలాంటివి జరగవనీ, అమ్మగారికి కాస్త ధైర్యం చెప్పమనీ అతనికే చెప్పాడు. కడుపులో రాళ్లు ఆవిడవి, జవాబు మాత్రం కొడుక్కి. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. సంచీ తీసుకుని లేచింది.

కొడుకు తల పట్టుకున్నాడు. వారంలో ఈయన మూడో సర్జన్. పిత్తాశయం బాగా వాచిందనీ, ఇంకా నాన్చితే ప్రాణం మీదికి వస్తుందనీ స్కానింగ్ చేసినవాళ్లు ముందే హెచ్చరించారు.

ఆవిడ నలభై ఏళ్లు టైలరింగ్ షాపు నడిపింది. పని అడగడానికి వచ్చిన ప్రతి దర్జీనీ బాగా కుట్టిన గుడ్డ కాదు, పాడుచేసిన గుడ్డ తెచ్చి చూపించమనేది. కత్తెర ఎక్కడ దారి తప్పిందో చెప్పగలిగినవాడికే పని. ఇంతవరకూ ఏదీ పాడుచేయలేదన్నవాడికి గుమ్మంలోనే నమస్కారం. డాక్టర్లకైనా అదే రూలంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"ఇక ఆ మార్కెట్ వెనక డాక్టరు దగ్గరికే పోదాం పద," అంది మెట్లు దిగుతూ.

"ఆయన దగ్గరికి మాత్రం వద్దమ్మా."

"కోయించుకునేది నేను. పొట్ట నాది, మాటా నాదే."

అది నాలుగు గదుల ఆసుపత్రి. కొడుకు లోపలికి రానని మొండికేసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. ఆవిడ్ని చూడగానే డాక్టరు లేచి నిలబడ్డాడు. ఆవిడ కూర్చోకుండానే అదే ప్రశ్న వేసింది.

డాక్టరు చేతిలోని పెన్ను బల్లమీద పెట్టేశాడు.

"ఒకాయన. సాయంత్రమే ఆపరేషన్ చేసుండాల్సింది. తెల్లారేదాకా చూద్దాం అనుకున్నాను. తప్పు నాదే."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు అనుమానమొస్తే ఆగను. నాకు తెలియకపోతే తెలిసినవాళ్లని పిలుస్తాను."

అప్పుడు కూర్చుంది ఆవిడ. ఒప్పుకోలు కాగితం తనవైపు లాక్కుని సంతకం పెట్టి, రేపే కానివ్వమంది.

బయటికొచ్చేసరికి కొడుకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా అని అడిగాడు.

"దొరికారు. వాళ్లెవరికీ ఎప్పుడూ ఏ తప్పూ జరగలేదట. ఈయన మాత్రం ఐదేళ్లయినా మాట మార్చలేదు."

"నాన్న పోయింది ఈయన చేతుల్లోనే కదమ్మా."