ఖాతాకిచ్చిన జ్ఞాపకం

పాస్‌వర్డులూ వేలిముద్రలూ దొంగల పాలయ్యాక, ఎవరికీ చెప్పని జ్ఞాపకమొక్కటే బ్యాంకు ఖాతాకు తాళమైంది. ఏటా ఒకటి ఇవ్వాలి. గోడలకు నిజంగానే చెవులు మొలిచిన కాలమది. ఇచ్చిన జ్ఞాపకం పొరపాటున నోరు దాటిందా, దొంగలు ఖాతా ఊడ్చేస్తారు. పక్కింటాయన పెళ్లిచూపులనాడు మనసులో అనుకున్న మాటను ఖాతాకిచ్చి, ఒకసారి అదే భార్యతో చెప్పి రోడ్డున పడ్డాడు. అప్పట్నుంచి సుభాషిణి ఇంట్లో కూడా ఆచితూచి మాట్లాడేది.

ఆమె కూతురు వెన్నెలకు పురిటినొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి మంచం మీద తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"భయమేస్తోందమ్మా. నేను పుట్టినప్పుడు నీకెలా ఉందో చెప్పవూ? వింటే కాస్త ధైర్యమొస్తుంది."

ఆ రోజంతా సుభాషిణి కళ్లముందు కదిలింది. చెప్పబోయి, మంచం పక్కన చెవొగ్గినట్టు మిణుకుమంటున్న యంత్రాన్ని చూసి ఆగిపోయింది.

"అది ఖాతాకిచ్చేశానే తల్లీ," అంది. "ఇంకేదైనా అడుగు."

వెన్నెల తల్లి చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగింది.

"వద్దులే అమ్మా. నీ ఖాతా భద్రంగా ఉండాలి కదా."