మెయిన్ దగ్గర కుర్చీ

"కుర్చీ ఒకటి ఇప్పించమ్మా," అంది ఫిట్టరుతో వచ్చిన పెద్దావిడ.

ఇంటావిడ తెచ్చి హాల్లో వేసింది. పెద్దావిడ దాన్ని నడవాలోకి ఈడ్చుకెళ్లి, మెయిన్ స్విచ్చుకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. అప్పటికే ఫిట్టరు మెయిన్ ఆపేశాడు. ఇల్లంతా మూగబోయింది.

వెనక వరండాలో, వేణ్ణీళ్లలో కూర్చునే కొత్త హాట్ టబ్. ఇంటాయన మోకాళ్ల నొప్పులకి తెప్పించుకున్నది. ఫిట్టరు దాని పక్క పలక ఊడదీసి, టెస్టరు పెట్టి చూశాకే వైర్లు ముట్టుకున్నాడు.

"ఉన్నావురా?" లోపల్నుంచి కేక.

"ఉన్నానత్తయ్యా."

కాసేపటికి మళ్లీ అదే కేక. అదే జవాబు.

"అత్తగారా? అల్లుడి మీద ఎంత నమ్మకమో!" ఇంటావిడ నవ్వింది.

"మేనత్తండీ. నేనెక్కడ పనికెళ్లినా వెంట వస్తుంది," అన్నాడు తలెత్తకుండా.

పోనుపోను ఇంటావిడకి నవ్వు రాలేదు. ఎవరో బావిలోకి వంగి పిలుస్తున్నట్టుంది ఆ గొంతు.

ఒకసారి జవాబు రాలేదు.

"ఒరేయ్! ఉన్నావురా?"

పెద్దావిడ ముఖంలో నెత్తురుచుక్క లేదు. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. "నువ్వెళ్లి చూడమ్మా. నేనిక్కణ్ణుంచి కదలకూడదు."

ఇంటావిడ పరుగెత్తింది. ఫిట్టరు నడుం దాకా టబ్బు కిందికి దూరి ఉన్నాడు. పళ్ల మధ్య స్క్రూలు పెట్టుకుని పలకలేకపోయాడు.

ఈలోగా లోపల గొడవ. ఇంటాయన చెమటలు కక్కుతూ మేడ దిగొచ్చాడు.

"ఈ ఉక్కలో ఎంతసేపు? రెండు నిమిషాలు ఫ్యాను తిరిగితే కొంపలేం మునిగిపోవు!" అంటూ మెయిన్ మీదికి చెయ్యి చాచాడు.

పెద్దావిడ ఆయన మణికట్టు పట్టుకుంది. విదిలించినా వదల్లేదు. ఉడుంపట్టు.

"ఎవరీవిడ? నా ఇంట్లో నా స్విచ్చు నన్ను ముట్టుకోనివ్వదా?"

"కావాలంటే నన్ను కొట్టండి బాబూ. అది మాత్రం వెయ్యొద్దు."

ఆయన కోపం కాస్తా చల్లారింది. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ మేడెక్కాడు.

పని పూర్తయింది. ఫిట్టరు వచ్చి, "ఇక లే అత్తయ్యా, అయిపోయింది," అంటేగానీ ఆవిడ పక్కకి జరగలేదు. మెయిన్ వేశాక, అతను షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ట్రిప్ స్విచ్చు మీది బటన్ నొక్కి చూపించాడు. టప్పున టబ్బుకి కరెంటు ఆగింది.

"నెలకోసారి ఇలా నొక్కి చూడండమ్మా. ఆగలేదంటే టబ్బులో దిగొద్దు. చిన్నపిల్లలొస్తే మూతకి తాళం వెయ్యండి. జుట్టు విరబోసుకుని తల ముంచకండి, నీళ్లు లాగే జాలీలో చిక్కుకుంటుంది."

ఇంటావిడ తలూపింది గానీ ఆవిడ మనసు నడవాలోనే ఉంది. గొంతు తగ్గించి అడిగింది. "మీ అత్తయ్య ఎందుకలా?"

"నాకీ పని నేర్పింది వాళ్లబ్బాయేనండీ, మా బావ. ఒక్కగానొక్క కొడుకు. ఇలాగే టబ్బు బిగిస్తూ పోయాడు. మెయిన్ ఆపే దిగాడు పాపం. చేతులు నీళ్లలో ఉండగా ఎవరో వేశారు."

"అయ్యో! ఎవరు?"

అతను వినిపించుకోనట్టు పనిముట్లు సంచీలో వేసుకున్నాడు.

ఇంటావిడ కాఫీ కలిపి తీసుకెళ్లింది. పెద్దావిడ మళ్లీ ఆ కుర్చీలోనే కూలబడి ఉంది. గ్లాసు పక్కన పెట్టి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"చెట్టంత కొడుకుని పోగొట్టుకున్నారటగా పిన్నిగారూ! ఆ స్విచ్చు వేసిన చేతులు పడిపోనూ!"

"ఎంతకీ పడిపోవడం లేదమ్మా," అంది ఆవిడ, ఒళ్లోని తన రెండు చేతుల్నీ తిప్పి చూసుకుంటూ.