రెండద్దాల నడుమ

మొదటి దెబ్బకే ఆమె పెదవి చిట్లింది. కొట్టింది సొంత అన్న. చేతిలో మూరెడు స్పానర్. లోపలికి వస్తూనే ల్యాబ్ తలుపుకి గడియ పెట్టేశాడు.

ఇద్దరిదీ ఒకటే చదువు, ఒకటే పరిశోధన. ఎదురెదురుగా రెండద్దాలు, వాటి నడుమ వెంట్రుకంత సందులో ఒక స్ఫటికం. అలా బంధిస్తే దాని గుణమే మారిపోయి, కరెంటును అడ్డులేకుండా పోనివ్వాలి. అన్న పదిహేనేళ్ళుగా లేజర్ కాంతి గుప్పించి స్ఫటికాలన్నీ మాడ్చేశాడు. చెల్లెలికి మాత్రం అది లొంగింది. ఎలాగో ఎవరికీ చెప్పలేదు. ఇంకో అరగంటలో కమిటీ వచ్చి కళ్ళారా చూస్తుంది. నెగ్గితే ఈ విభాగానికి ఆమే పెద్ద. లేదంటే గది ఖాళీ చేయాల్సిందే.

"ఏకై వచ్చి మేకై కూర్చున్నావు కదే. చెయ్యి పట్టి నేర్పింది నేను. రేపట్నుంచి నీ ముందు చేతులు కట్టుకుని నిలబడాలా?"

"అన్నయ్యా, కూర్చో. మాట్లాడుకుందాం."

మాటకు బదులు బూటు కాలు వచ్చింది. ఆమె బీరువాకు కొట్టుకుని కింద పడింది. అతను స్ఫటికం ఉన్న ఉక్కు డబ్బా మీదికి స్పానర్ ఎత్తాడు.

"లేజర్ జోలికి మాత్రం వెళ్ళకు," అని అరిచింది.

స్పానర్ గాల్లోనే ఆగింది.

"ఎంత తెలివైనదానివే, అడక్కుండానే చెప్పేశావు. వెలుగే లేకపోతే అద్దాలేం చేస్తాయి?" అంటూ మూలనున్న లేజర్ వైపు తిరిగాడు.

ఆమె పాక్కుంటూ వెళ్ళి దాన్ని రెండు చేతులా వాటేసుకుంది. అతనికి ఒళ్ళు మండిపోయింది. చేతి మీద కొట్టాడు. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. జుట్టు పట్టి ఈడ్చి అవతల పారేసి, లేజర్‌ని పచ్చడి పచ్చడి చేశాడు. గాజు పెంకులు ఆమె నెత్తుట్లో పడ్డాయి.

"కొత్తది రావాలంటే ఆర్నెల్లు. ఈలోగా మూటాముల్లె సర్దుకో."

చప్పుళ్ళు విని, తలుపు విరగ్గొట్టుకుని కమిటీ వాళ్ళు లోపలికి వచ్చారు. వాచ్‌మన్ అన్నను ఒడిసి పట్టుకున్నాడు. అతను పెనుగులాడలేదు. ఆయాసపడుతూ నవ్వుతున్నాడు.

కమిటీ పెద్దాయన ఆమె పక్కన చతికిలబడ్డాడు. "ఆస్పత్రికి పదమ్మా. లేజరే పోయాక ఇంకేం చూపిస్తావు?"

ఆమె విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో ఉక్కు డబ్బాకు తగిలించిన కరెంటు మీటర్ వైపు చూపించింది.

"ముందు ఈ గదిలో లైట్లు ఆర్పేయండి సార్, ఆ లేజర్‌ని నేను ఏడాదిగా వెలిగించనే లేదు, ఈ ప్రయోగానికి రెండద్దాల మధ్య చీకటే చాలు."