అన్నం తిన్నావా అమ్మా?

ఇట్టా దగ్గరికి జరగండి, చెవులు ఇటు పెట్టండి. గురజాలలో రేడియోలు మోగే రోజుల నాటి సంగతి.

మిట్టమధ్యాహ్నం మల్లీశ్వరి వాకిట్లో ఒకాయన నిలబడ్డాడు. మెడకు తువ్వాలు, చేతిలో చిన్న నోటుబుక్కు.

"ఎవరయ్యా? చందాలకైతే ఇంకో ఇంటికి పో. రేడియోలో చిన్నప్పగారు మాట్లాడే టైమయింది."

ఆయన గొంతు చూపించి, మాట రాదన్నట్టు చెయ్యి ఊపాడు. మెల్లగా అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నం తిన్నావా అమ్మా?" అంది రేడియో. చిన్నప్ప ప్రోగ్రాం రోజూ ఆ మాటతోనే మొదలయ్యేది.

వచ్చినాయన తల దించుకున్నాడు.

"తిన్నా," అంది మల్లీశ్వరి రేడియోతో. ఆ గొంతు కోసం ఆమె రెండు సంబంధాలు వెనక్కి పంపింది. యాభై ఉత్తరాలు రాసింది. ఒక్క జవాబూ రాలేదు.

ఆయన నోటుబుక్కులో రాసి చూపించాడు: 'ఈ మాట నిన్ను మొదట అడిగింది ఎవరు?'

మల్లీశ్వరి లోపలి గది వైపు చూసింది.

"మా నాయన. రోజూ అడిగేవాడు. నా ఎనిమిదో ఏట మమ్మల్ని వదిలేసి పోయాడు. ఇప్పుడు పక్షవాతంతో తిరిగొచ్చి, అదిగో, లోపల మంచంలో పడున్నాడు. నేను పలకరించను."

ఆయన మళ్లీ రాశాడు: 'ఇవాళ నువ్వు అడుగు.'

ఆమెకు ఒళ్లు మండింది.

"మాటే రానోడివి, మాట విలువ నీకేం తెలుసుద్ది? లే, పో! నీ మూలాన చిన్నప్పగారి మాటలు సగం పోయినయ్."

ఆయన చిన్నగా నవ్వి, ఎండలోకి నడిచాడు.

మనిషి పోయాడు గానీ ఆ ప్రశ్న పోలేదు. పొద్దుగూకే వేళకు మల్లీశ్వరి కంచం పట్టుకుని లోపలికి వెళ్లింది.

"అన్నం తిన్నావా నాయనా?"

తండ్రి కోటేశ్వరరావు వంకరపోయిన నోటితో, "మరి నువ్వో?" అన్నాడు.

తర్వాత ఆయన బతికింది నలభై రోజులే. ఆ నలభై రోజులూ తండ్రీకూతుళ్లు ఒకే కంచంలో తిన్నారు.

నాన్న పోయాక ఆ మూగాయన కోసం మల్లీశ్వరి బస్టాండంతా అడిగింది. ఎవరికీ తెలియదు. చివరికి ఆ సంగతంతా చిన్నప్పకే ఉత్తరం రాసింది.

ఈసారి జవాబు వచ్చింది. పొట్లంలో ఆమె ఉత్తరాలు, ఆ చిన్న నోటుబుక్కు, చిన్నప్ప భార్య రాసిన చీటీ.

'ఆపరేషన్‌తో ఆయనకు మాట పోయింది. రేడియోలో వేసేవి పాత టేపులు. మీకు జవాబు తానే ఇచ్చి వస్తానని బయలుదేరారు. పోయిన నెల కన్నుమూశారు.'

గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకూ చెప్పండి: అంత ఎండలో తన కోసం వచ్చిన చిన్నప్పను, అన్నం తిన్నావా అని మల్లీశ్వరి అడగలేదు.