వీపు మీద మందు

ఎండలు ముదిరిపోయిన ఆ కాలంలో, పొద్దువాలాక ఉప్పుమళ్ళ పేటలో అందరూ అరుగుల మీద కూర్చుని ఒకరి వీపుకొకరు మందు రాసుకునేవారు. మచ్చ క్యాన్సరు కాకముందే మాడ్చేసే మందది, డాక్టరు చీటీ మీద ఇచ్చేది.

మొగుడు పోయిన సన్నెమ్మకు మిగిలింది ఒళ్ళు చూసి చెప్పే గోడ అద్దమొకటే.

"వీపు మధ్య మచ్చ పెరుగుతోందమ్మా. ఇంట్లోవాళ్ళ చేత మందు రాయించుకోండి," అందది.

"రాయించుకుంతాన్లే."

సన్నెమ్మ వంటింటి ద్వారబంధానికి మందు పూసి, గేదెలా వీపు రుద్దుకుని, మంటకు పళ్ళు బిగించి అద్దం ముందుకు తిరిగొచ్చింది.

"బాగా అంటింది. రాసినవాళ్ళు చేతులు కడుక్కోవాలి. ఎవరు రాశారు?"

కాపురం చేసినన్నాళ్ళూ మొగుడి పేరు నోట పలకని మనిషి, కొంగు సర్దుకుని మెల్లగా అంది: "కూర్మయ్య."

"కూర్మయ్యగారూ, చేతులు కడుక్కోండి!" అద్దం ఇల్లంతా వినిపించేలా పిలిచింది.

సన్నెమ్మ వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు వింటూ నిలబడింది.