కుఫుంగిసిసా

"హెచ్‌ఐవీ మా అక్క బుర్రకెక్కింది అంబుయా! జడ సగం అల్లి, మిగతాది ఎలాగో మర్చిపోతోంది. మతి లేదని రాసివ్వండి, తన జడలల్లే కొట్టు నా పేరు మీదికి మారుస్తారు," అంది రుడో.

క్లినిక్ బెంచీ మీద అక్క ముచనేటా తలొంచుకుంది.

అందరూ అంబుయా, అంటే అవ్వా, అని పిలిచే సలహాల ముసలామె ముచనేటా కార్డు చూసింది. "రక్తంలో వైరస్ కనబడటమే లేదే! ఈ మతిమరుపు ఎప్పట్నుంచి తల్లీ?"

"మార్చి నుంచి."

"మార్చిలో ఏమైంది?"

"నా జబ్బు సంగతి చర్చిలో అందరికీ తెలిసిపోయింది. నేను చెప్పింది ఒక్కరికే."

"దానికేం గుర్తుంటుంది అంబుయా!" రుడో అడ్డొచ్చింది.

"నీకే చెప్పాను రుడో. ఒట్టేయించుకుని మరీ చెప్పాను."



అంబుయా కార్డు మీద ఒకే మాట రాసింది: కుఫుంగిసిసా. "అంటే అతి ఆలోచన. దిగులే నీ జ్ఞాపకాన్ని తినేస్తోంది తల్లీ. నయమవుతుంది."

రుడో వైపు తిరిగింది. "నువ్వు లేచి గేటు బయటికెళ్లు. వైద్యం మొదలెట్టాలి."