అడ్డగీత

"రెండు కాదు, ఏడు శాతం వెయ్యి," అన్నాడు భర్త.

ఆమె చేతిలోని మార్కర్ ఆగింది. వంటింటి గోడకున్న తెల్లబోర్డు మీద మర్నాటి పాఠం తుడిపేసి, అతని కంపెనీ షేరుకి ధర కడుతోంది. అతను అక్కడ లెక్కల విభాగంలో ఉద్యోగి. ఆమె కాలేజీలో కామర్సు చెబుతుంది. అవి మార్కెట్లో దొరికే షేర్లు కావు. అమ్మాలంటే కొనేవాడికి ధర ఇంతని లెక్క కట్టి చూపించాలి. ఇద్దరి పొదుపూ అందులోనే ఉంది.

సూత్రం చిన్నదే. వచ్చే సంవత్సరం షేరుకి డివిడెండు, అంటే లాభంలో వాటా, పదిహేను రూపాయలు. కొనేవాడు కోరే రాబడి పన్నెండు శాతం. అందులోంచి డివిడెండు ఏటా పెరిగే శాతాన్ని తీసేసి, మిగిలిన శాతంతో పదిహేనుని భాగించాలి. పెరుగుదల రెండు శాతమైతే ధర నూట యాభై. ఏడైతే మూడు వందలు.

"కోరికకీ ఆశకీ మధ్య ఎడం తగ్గేకొద్దీ ధర ఎగురుతుంది. అందుకే భయం. ఏడు నిలుస్తుందంటారా?"

"ఇన్నాళ్లూ నిలిచింది. కంపెనీలో ఉన్నది నేనా, నువ్వా?"

అతని మీద నమ్మకం కన్నా, నమ్మలేదని తెలిస్తే మొహం మాడ్చుకుంటాడన్న బెరుకే ఆమె చేత ఏడు వేయించింది. అలవాటుగా దాని నడుముకి అడ్డగీత పెట్టింది. గడియారాలు బాగుచేసే తండ్రి చిన్నప్పుడు నేర్పిన గీత అది. ఏడుని ఒకటనుకుని ఎవరూ మోసపోకూడదని. కాలేజీ పిల్లలు చాటుగా 'గీతా మేడం' అనేది అందుకే.

అతను బోర్డుని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

ఆ వారంలోనే తండ్రి ఫోను చేశాడు. దుకాణం అమ్మేశాక ఆయనకి పొద్దుపోవడం లేదు. అదీ ఇదీ మాట్లాడి, నీ లెక్క ఎప్పుడైనా తప్పిందా అని అడిగాడు. నీ కూతురి లెక్క ఎలా తప్పుతుంది నాన్నా, అని నవ్వేసింది.

షేర్లు అమ్ముడుపోయాయి. ఎవరో పెద్దమనిషి కొన్నాడనీ, బేరం కూడా ఆడలేదనీ భర్త చెప్పాడు.

నెల తిరిగేసరికి కంపెనీ డివిడెండు ఎత్తేసిందని తెలిసింది. తప్పించుకున్నాం అనిపించి, మరుక్షణం ఆమె సిగ్గుపడింది. భర్త తాపీగా చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆశ్చర్యమే లేని మొహం.

"మీకు ముందే తెలుసు," అంది.

"ఆఫీసు గుట్టు ఇంట్లో చెబుతామా?"

"నాతో అబద్ధం వేయించారు."

"వేసింది నీ చెయ్యి. మునిగింది ఎవరో. మనం ఒడ్డున పడ్డాం కదా, సంతోషించు."

ఇన్నేళ్ల కాపురంలో అతను తనకి కట్టిన ధర ఎంతో ఆమెకి అర్థమైంది. ఒక దస్తూరీ, అంతే. మొహమైనా తెలియని ఆ కొన్న మనిషికి, కాళ్ల మీద పడైనా నిజం చెప్పేయాలనుకుంది.

"ఆయన పేరు చెప్పండి."

అతను చొక్కా కాలర్ తిప్పి, ఇస్త్రీ చేసినదాన్నే మళ్లీ చేశాడు. తల ఎత్తలేదు.

ఫోను మోగింది. తండ్రి. అమ్మా అని నీరసంగా పిలిచాడు.

"ఒంట్లో బాగాలేదా నాన్నా?"

బాగానే ఉందన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు.

"ఆ ఏడు మీద గీత చూసే కొన్నానమ్మా."